ధమనికి కొలబద్ద ప్రమాణము, ఆత్మకు శ్రుతి ప్రమాణము



మన ఆధ్యాత్మిక సభలలోను, చరవాణుల ద్వారా చేతులు మారు సందేశములలోను ఒక వాదము విస్తారముగా ప్రచారము పొందుచున్నది. మెదడు అడుగున ధమనులు వలయాకారముగా కలిసికొనుచున్నవట. పాశ్చాత్యులు దానికి 'విల్లిస్ వలయము' అని పేరు పెట్టిరట. అదియే మన యోగశాస్త్రములు చెప్పిన సహస్రారమట! మెడ వెన్నుపూసల రంధ్రముల గుండా పైకెక్కు రెండు ధమనులే ఇడా పింగళలట. అవి రెండును ఏకమై ఏర్పడు ధమనియే సుషుమ్నయట! "వారు యంత్రములతో నేడు కొలచి తెలిసికొన్నదానిని మన ఋషులు కన్నులు మూసికొని వేల యేండ్ల క్రిందటనే చూచిరి" అను ముక్తాయింపు వినబడగానే సభ కరతాళధ్వనులతో మారుమ్రోగును.

ఈ వాదము అసత్యము. అసత్యము మాత్రమే అయినచో ఉపేక్షింపవచ్చును. కాని ఇది శ్రుతికి అవమానము, రోగికి అపాయము కూడ. కావున పూర్వాచార్యుల పద్ధతి ననుసరించి, ముందు వస్తువు యొక్క యథార్థ స్వరూపమును చెప్పి, పిదప ఈ పూర్వపక్షమును ఖండింపదలచితిని.

వలయము యొక్క యథార్థ స్వరూపము

మెదడునకు నాలుగు ధమనులు రక్తమును మోసికొనిపోవుచున్నవి. మెడకు ముందు భాగమున ఇరువైపుల కెరోటిడ్ ధమనులు రెండు, వెన్నుపూసల రంధ్రముల గుండా ఎక్కు వెర్టెబ్రల్ ధమనులు రెండు. ఈ వెనుక ధమనులు రెండును కపాలములో ఏకమై బేసిలార్ ధమని యగును. ముందు వెనుకల ధమనులను సన్నని కొమ్మలు కలిపి, మెదడు అడుగున ఒక వలయమును ఏర్పరచును.

ఈ వలయపు భాగములను ఫల్లోపియో, వెప్ఫర్ వంటి వారు ముందే గమనించియుండిరి. ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు థామస్ విల్లిస్ 1664లో తన గ్రంథమున దానిని సమగ్రముగా వర్ణించెను. ఆ గ్రంథమునకు చిత్రములు గీసినవాడు ప్రసిద్ధ వాస్తుశిల్పి క్రిస్టోఫర్ రెన్. విల్లిస్, ఆయన సహాయకుడు రిచర్డ్ లోయర్ శవము యొక్క ఒక పక్క ధమనిలోనికి రంగుద్రవమును ఎక్కించి, అది రెండవ పక్క నాళములలోనికి వచ్చుటను కన్నులార చూచిరి. ఒక మార్గము మూసికొనిపోయినను మఱియొక మార్గమున రక్తము మెదడునకు చేరుటకే ఈ వలయమని వారు నిర్ణయించిరి.

అటుపిమ్మట కొలత సూక్ష్మమగుచు వచ్చెను. 1927లో లిస్బన్ నగరమున ఎగాస్ మోనిజ్ ధమనిలోనికి ద్రవమును ఎక్కించి, బ్రతికియున్న మనుష్యుని కపాలములోని ధమనులను ఎక్స్‌రే చిత్రమున చూపెను. 1982లో రూనె ఆస్లిడ్ కణత యొద్ద శబ్దతరంగ యంత్రము నుంచి, ఎముక గుండా లోపలి రక్తవేగమును కొలచెను. నేడు సి.టి., ఎం.ఆర్.ఐ. యంత్రములు కోత లేకయే వ్యాసమును చెప్పుచున్నవి. కెరోటిడ్ ధమని కపాలములో ఇంచుమించు 4 మి.మీ., మెదడు పక్కభాగమునకు పోవు మధ్య ధమని మొదట 3 మి.మీ. సమీపమున, ముందు వెనుకలను కలుపు కొమ్మ 1 లేక 1.5 మి.మీ. అంతకంటె సన్ననిది కూడ అనేకులలో కలదు.

సహస్రారవాద ఖండనము

ఇప్పుడు విచారింపుడు. ఈ వలయము అందఱిలోను సంపూర్ణముగా ఉన్నదా? లేదు. 1959లో ప్రకటితమైన ఒక పరిశీలనమున 350 మెదడులను చూడగా, గ్రంథములలో గీసినట్టి వలయము కనబడినవి సగమునకు కొంచెము పైన మాత్రమే. 1963 నాటి మఱియొక పరిశీలనమున 994 మెదడులను చూడగా, అట్టివి ఐదింట ఒక వంతుకు అటునిటుగా తేలినవి. ఎంత సన్నని కొమ్మను లోపముగా లెక్కింపవలెనను నియమమును బట్టి సంఖ్య మారును. ఎట్లు లెక్కించినను అసంపూర్ణ వలయము గలవారు కోట్ల కొలది ఉన్నారనుట నిస్సంశయము. వారు ఆరోగ్యవంతులుగా జీవించుచున్నారు, జపము చేయుచున్నారు, ధ్యానము చేయుచున్నారు.

వలయమే సహస్రారమైనచో ఈ కోట్ల జనులకు సహస్రారము లేదనవలెను. వారికి మోక్షాధికారము కూడ లేదందురా? వెర్టెబ్రల్ ధమనులలో ఒకటి లావుగాను, రెండవది సన్నముగాను ఉండుట సర్వసాధారణము. కొందఱిలో ఒకటి దారము వలె సన్నగిల్లియుండును. వారికి ఇడ కలదు, పింగళ లేదందురా? ఏ సిద్ధాంతమును అంగీకరించినచో సాధకులలో సగము మంది సాధనకే అనర్హులగుదురో, ఆ సిద్ధాంతము శాస్త్రసమ్మతము కానేరదు.

ఇక ఉపనిషత్తులనే చూతము. కఠోపనిషత్తు, ఛాందోగ్యము హృదయమునకు నూటొక్క నాడులు గలవనియు, అందొకటి మూర్ధమునకు పోవుననియు చెప్పుచున్నవి. ప్రశ్నోపనిషత్తు వాటి శాఖోపశాఖలను కోట్ల సంఖ్యకు పెంచుచున్నది. హృదయము నుండి శరీరమునకు రక్తమును కొనిపోవు మహాధమని ఒక్కటే. నాడి యనగా రక్తధమని యని పట్టుబట్టినచో, ఈ మంత్రములు మొదటి లెక్కలోనే తప్పిపోవును. బృహదారణ్యకము హితా నాడులను వెండ్రుకను వేయి భాగములు చేసినంత సూక్ష్మములని వర్ణించును. మనుష్యుని వెండ్రుక మందము మిల్లీమీటరులో వేయింట డెబ్బది పాళ్లనుకొందము. దానిని మరల వేయింట భాగింపుడు. ఎఱ్ఱరక్తకణము ఆ నాడికంటె నూఱు రెట్లు లావైనది! ఆ నాడిలో రక్తము ప్రవహించుట అసంభవము. అనగా శ్రుతి చెప్పిన నాడి రక్తధమని కాదని శ్రుతివాక్యమే స్పష్టముగా చాటుచున్నది. ఆ ప్రకరణములు స్వప్నసుషుప్తులను, ప్రాణోత్క్రమణమును బోధించుటకు ప్రవర్తించినవి. ఉపక్రమోపసంహారములు చూడక, ప్రకరణము విడిచి, ఒక పదమును పట్టుకొని శస్త్రచికిత్సాలయమునకు ఈడ్చుకొనిపోవుట మీమాంసా మర్యాద కాదు.

గాలెన్ చేసిన దోషము

గ్రంథమును కంటికంటె మిన్నగా నమ్మినచో ఏమి జరుగునో పాశ్చాత్యుల చరిత్రయే చెప్పును. క్రీస్తు శకము రెండవ శతాబ్దమున గాలెన్ అను మహావైద్యుడు మెదడు అడుగున ఒక అద్భుతమైన ధమనీజాలము కలదనియు, అచ్చట ప్రాణతత్త్వము పరిపక్వమై మనస్సునకు ఉపకరించుననియు వ్రాసెను. ఆ జాలము గొఱ్ఱెలలో, ఎద్దులలో నిజముగా కలదు. మనుష్యులలో లేదు! జంతుశరీరమున చూచినదానిని ఆయన మనుష్యునకు అన్వయించెను. పదమూడు శతాబ్దములకు పైగా ఐరోపా వైద్యులు దానిని నమ్మిరి. 1521లో బెరెంగారియో ఎన్ని శవములు చూచినను అది కనబడలేదని ధైర్యముగా వ్రాసెను. 1543లో వెసాలియస్ కూడ గాలెన్ మతమును నిరాకరించెను.

గాలెన్ అల్పుడు కాడు. ఆయన శిష్యపరంపర కూడ మూర్ఖులతో నిండినది కాదు. పూజ్యుడైన గురువు మాటను కంటితో సరిచూచుట అపచారమని తలచుటయే వారి దోషము. ఆ దోషమును వారు రెండు వందల తరములకు ముందు కాదు, నిన్న మొన్నటి చరిత్రలోనే విడిచిపెట్టిరి. వారు విడిచినదానిని మనము తెచ్చుకొని నెత్తిన పెట్టుకొందుమా?

సుశ్రుతుని మార్గము

మన సంప్రదాయము అట్టిది కాదు. సుశ్రుతసంహిత శారీరస్థానము ఐదవ అధ్యాయమున శరీరజ్ఞానమును సంపాదించు విధానము చెప్పబడినది. తగిన శవమును ముంజ మొదలగు తృణములతో చుట్టి, పంజరమున నుంచి, ప్రవాహజలమున మఱుగైన చోట ఉంచవలెను. ఏడు రాత్రుల పిమ్మట వెలికి తీసి, కూర్చలతో మెల్లగా రుద్దుచు, చర్మము మొదలు లోపలి అవయవముల వఱకు ఒక్కొక్క పొరను స్వయముగా కంటితో చూడవలెను. శాస్త్రమున చదివినది, ప్రత్యక్షమున చూచినది రెండును కలిసినపుడే జ్ఞానము వృద్ధి యగునని ఆయన మతము.

అదే అధ్యాయమున ఆయన వేదవాదులు ఎముకలు మూడు వందల అరువది యనుచున్నారనియు, శల్యతంత్రమున మూడు వందలు మాత్రమే యనియు నిస్సంకోచముగా చెప్పెను. శ్రుతిభక్తికి అది అడ్డము రాలేదు. అదే అధ్యాయపు చివర శరీరములోని పరమసూక్ష్ముడైన విభువు మాంసచక్షువునకు గోచరింపడనియు, జ్ఞానచక్షువునకు, తపశ్చక్షువునకు మాత్రమే గోచరించుననియు కూడ చెప్పెను. గమనింపుడు! శవమును విప్పి చూడుమన్నది, ఆత్మ ఆ చూపునకు అందదన్నది ఒకే నోరు, ఒకే అధ్యాయము. దేనిని కంటితో చూడవలెనో, దేనిని కంటితో వెదకరాదో ఆ శస్త్రవైద్యునకు తెలిసినంత నేటి మన ఉపన్యాసకులకు తెలియకపోవుట శోచనీయము.

"సుశ్రుతుడు శిరస్సులో అధిపతి, శృంగాటకములు అను మర్మములను చెప్పెను గదా, అవి ఈ వలయమే గదా" అని కొందఱు అడుగుదురు. శిరస్సులో సిరలు కలియు స్థానములున్నవనియు, అచ్చట దెబ్బ తగిలినచో మరణము సంభవించుననియు ఆయన గమనించుట గొప్ప విషయము. కాని ఆయన ఏడు వందల సిరలను, ఇరువది నాలుగు ధమనులను నాభి మూలముగా చెప్పినాడు. నేటి కొలతతో అది సరిపోదు. కాలమును బట్టి చూచినదానిలో కొంత సరియై, కొంత సరికాకపోవుట ఏ శాస్త్రజ్ఞునకైనను సహజము. ఆయన మనకిచ్చిన నిధి ఆ సంఖ్య కాదు, ఆ పరీక్షావిధానము. సంఖ్యను పూజించి విధానమును మఱచుట ఆయనకు చేయు ద్రోహము.

ప్రమాణ వ్యవస్థ

వేదాంతులమైన మనకు అసలు ప్రశ్న ఇది. శ్రుతి దేనికి ప్రమాణము? ప్రత్యక్షానుమానాదులకు అందనిదానిని తెలుపుట చేతనే అది ప్రమాణమగుచున్నది. ఇతర ప్రమాణములచే తెలియదగినదానిని చెప్పినచో అది అనువాదమాత్రము. శంకర భగవత్పాదులు గీతాభాష్యమున ఈ విషయమును మిక్కిలి నిర్దాక్షిణ్యముగా చెప్పిరి. ప్రత్యక్షమునకు విరుద్ధముగా చెప్పు వాక్యములు వంద వచ్చినను అవి ఆ విషయమున ప్రమాణము కానేరవని, అట్టి చోట శ్రుతికి వేఱు తాత్పర్యమును వెదకవలెనని ఆచార్యుల నిర్ణయము. ఇది నాస్తికుల మాట కాదు, అద్వైతాచార్యుల మాట.

ఇప్పుడు మన ఉపన్యాసకుడు చేయు పని చూడుడు. ధమనుల వ్యాసమును యంత్రము చెప్పినది. శ్రుతి కూడ అదే చెప్పినదని ఆయన సంబరపడుచున్నాడు. అనగా యంత్రము గురువైనది, శ్రుతి సాక్షిగా పిలువబడినది! యంత్రము సరియన్నందున శ్రుతి సరియైనది. రేపు మఱింత సూక్ష్మమైన యంత్రము వచ్చి కొలత మారినచో శ్రుతిని కూడ మార్చుదురా? నేడు కొలత సరిపోయినదని శ్రుతిని మెచ్చుకొన్నవాడు, రేపు సరిపోనపుడు దానిని నిందించుటకు సిద్ధపడియే యున్నాడు. పాశ్చాత్యుని ముద్ర పడినగాని ఉపనిషత్తునకు విలువ రాదని లోలోపల నమ్మినవాడే ఇట్లు మాటలాడును. దీనిని స్వాభిమానమని పిలుచుట వింత. ఇది దాస్యమునకు కాషాయము కట్టుట.

దేహాత్మవాదులకు సమాధానము

రెండవ పక్కన మఱియొక వర్గము కలదు. "కపాలమును వెండ్రుకవాసి వఱకు కొలచితిమి, ప్రతి ధమనిని చిత్రించితిమి, ఎక్కడను ఆత్మ కనబడలేదు, కావున లేదు" అని వారి వాదము. అనుపలబ్ధి ప్రమాణమే, కాని దేనికి? కనబడుటకు యోగ్యమైన వస్తువు కనబడనపుడే అది లేదని నిర్ణయింపవచ్చును. బల్లపై కుండ కనబడనిచో కుండ లేదు. చూచువాడు బల్లపై కనబడనిచో చూచువాడు లేడందురా? ధమని దృశ్యము. ఎం.ఆర్.ఐ. చిత్రము దృశ్యము. దానిని చదువు వైద్యుని నేత్రము, బుద్ధి కూడ దృశ్యములే. ఇవన్నియు ఎవనికి భాసించుచున్నవో ఆ ద్రష్ట కొలతకు విషయము కాడు. కొలబద్ద తన్ను తాను కొలచుకొనలేదు. క్షేత్రమును ఎంత లోతుగా కొలచినను క్షేత్రజ్ఞుడు అందు ఒక భాగముగా దొరకడు.

స్వామి దయానంద సరస్వతి తన యౌవనమున గంగానదిలో కొట్టుకొనివచ్చిన శవమును ఒడ్డునకు తెచ్చి కోసి, యోగగ్రంథములలో వర్ణింపబడిన చక్రములను వెదకెను. అవి కనబడలేదు. ఆయన ఆ గ్రంథములను చించి, శవముతో పాటు నదిలో పాఱవైచెనని ఆయన ఆత్మకథనమే చెప్పుచున్నది. ఆయన నిజాయితీకి నమస్కారము. దేహములో పద్మము మాంసరూపమున ఉన్నదని చెప్పువానికి ఆయన పరీక్షయే తగిన సమాధానము. ధ్యానమునకు ఆలంబనముగా చెప్పబడినదానిని మాంసముగా భావించినచో గ్రంథము నదిపాలగుట తప్పదు. నేడు సహస్రారమును ధమనీవలయమని బోధించువారు తమ శ్రోతల పిల్లలను అదే నది యొడ్డునకు నడిపించుచున్నారు. ఆ పిల్లలు వైద్యవిద్య చదివి, వలయమును కంటితో చూచి, ఉపన్యాసము అబద్ధమని తెలిసికొన్న దినమున ఉపన్యాసముతో పాటు ఉపనిషత్తును కూడ విసరివేయుదురు. ఆ పాపము ఎవరిది?

ప్రాణముల మీదికి వచ్చినపుడు

ఈ వివాదము పండితగోష్ఠితో ముగియునదైనచో నేనింత తీవ్రముగా వ్రాయకపోదును. మెదడు బరువు శరీరమున నూటికి 2 పాళ్లు. అది వినియోగించు ప్రాణవాయువు నూటికి 20 పాళ్లు. వంద గ్రాముల మెదడునకు నిమిషమునకు 50 మి.లీ. రక్తము కావలెను. అది 20కి తగ్గినచో పని ఆగును. 10కి దిగినచో కణములు చచ్చును. పెద్ద ధమని మూసికొన్నపుడు నిమిషమునకు 19 లక్షల నాడీకణములు నశించునని ఒక అంచనా. గడ్డను కరగించు సూదిమందు లక్షణములు మొదలైన నాలుగున్నర గంటలలోపల ఇయ్యవలెను. గడ్డను నాళము ద్వారా లాగివేయు చికిత్సకు, చిత్రములను బట్టి ఎంపిక చేసిన కొందఱిలో, 24 గంటల వఱకు అవకాశము కలదు.

మన పల్లెలలో, పట్టణములలో కూడ, నోరు వంకరపోయినవానిని మొదట పసరుమందు పోయువాని యొద్దకును, పావురము రక్తము పూయువాని యొద్దకును తీసికొనిపోవు వాడుక నేటికిని చావలేదు. దానికి ఇప్పుడు 'నాడీశుద్ధి' అను క్రొత్త పేరు తోడైనది. సుషుమ్నలో అడ్డంకి యేర్పడినదనియు, ప్రాణాయామముచే అది తొలగుననియు చెప్పువారు బయలుదేరిరి. వేగముగా, లోతుగా ఊపిరి తీసి వదలినచో రక్తములోని బొగ్గుపులుసు వాయువు తగ్గి, మెదడులోని సన్నని నాళములు ముడుచుకొనును, రక్తప్రవాహము తగ్గును. పక్షవాతపు రోగిచే అట్లు చేయించుట ఎండిపోవు చేనికి కాలువ మూయుట వంటిది. శీర్షాసనము మెదడును రక్తముతో నింపుననుట కూడ నిలువదు. ఆరోగ్యవంతునిలో రక్తపు ఒత్తిడి కొంత హెచ్చినను తగ్గినను మెదడులోని నాళములు తమ వ్యాసమును సవరించుకొని ప్రవాహమును సమముగా నిలుపును. యోగము చిత్తవృత్తుల కొఱకు. దానిని నీటిగొట్టపు పనికి దింపుట యోగమునకే చిన్నతనము.

ఆసియా జనులలో కపాలములోపలి ధమనులే సన్నబడు వ్యాధి ఐరోపావారిలో కంటె ఎక్కువ. మనము ఆ కోవకు చెందినవారము. కావున కపాలములోని ధమనుల కొలత మనకు పరాయి విద్య కాదు, మన ఇంటి పెద్దల ప్రాణవిషయము. సన్నబడిన చోటి వ్యాసమును పక్కనున్న ఆరోగ్యభాగపు వ్యాసముతో పోల్చి, ఎన్ని పాళ్లు మూసికొన్నదో లెక్క కట్టుదురు. నూటికి 70 పాళ్లు దాటినచో తీవ్రమందురు.

ఆ విద్యకు గల వినయమును కూడ చూడుడు. సన్నబడిన ధమనిలో లోహజాలమునుంచి వెడల్పు చేసినచో మేలని వైద్యులు తలచిరి. తర్కము చక్కగానే యున్నది. 451 మంది రోగులపై పరీక్షింపగా, 2011లో ప్రకటితమైన ఫలితము ఎదురు తిరిగినది. మొదటి ముప్పది దినములలో పక్షవాతము లేక మరణము లోహజాలము పెట్టినవారిలో నూటికి 14.7, మందులతో మాత్రమే చికిత్స పొందినవారిలో 5.8. వారు తమ తర్కమును పట్టుకొని వ్రేలాడలేదు, చికిత్సను మార్చుకొనిరి. ఏది సత్యమో దాని ముందు తలవంచుట ఆస్తికలక్షణమైనచో, ఈ విషయమున ఆస్తికులెవరు? సభలో ఒకసారి చెప్పిన మాటను ఏ సాక్ష్యము వచ్చినను మార్చుకొనని మన ఉపన్యాసకులా, వారా?

ఉపసంహారము

"అయినచో ఋషులను తక్కువ చేయుచున్నారా?" అని అడుగవచ్చును. ఋషులు ధమనుల వ్యాసమును చెప్పలేదనుట వారికి లోపము కాదు. చక్రవర్తి యొద్ద చిల్లర లేకపోవుట దారిద్ర్యమా? మనుష్యుడు తన బుద్ధిచే, యంత్రముచే తెలిసికొనగల విషయమును అతనికే విడిచిపెట్టి, ఏ యంత్రమునకు అందనిదానిని వారు బోధించిరి. ఆ విభాగమే వారి మహత్త్వము.

కావున సభలో ఇట్టి వాదము వినబడినపుడు శ్రోతలైన మీరు వినయముతో మూడు ప్రశ్నలు అడుగుడు. అయ్యా, ఆ మంత్రము ఏ ప్రకరణములోనిది? ఆ కొలత ఎవరు, ఎంతమందిలో చూచిరి? అది రేపు మారినచో మీరు మంత్రమును మార్చుదురా? సమాధానము రాకున్నచో చప్పట్లు కొట్టకుడు. అంత చాలును.

ఇంటిలో ఎవరికైనను హఠాత్తుగా మూతి ఒక పక్కకు లాగినను, ఒక చేయి కాలు పట్టు తప్పినను, మాట ముద్దగా వచ్చినను, లక్షణము మొదలైన వేళను గుర్తుంచుకొని, వెంటనే 108కు చెప్పి, మెదడు చిత్రము తీయు సౌకర్యము గల ఆసుపత్రికి చేర్పుడు. మృత్యుంజయ జపము తప్పక చేయుడు. వాహనము బయలుదేరిన పిమ్మట, వాహనములోనే చేయుడు. ధమనిని వైద్యునకు చూపుడు. ఆత్మను శ్రుతి యొద్ద, గురువు యొద్ద విచారింపుడు. ఏ ప్రశ్న ఏ ద్వారమున అడుగవలెనో తెలియుటయే వివేకమునకు మొదటి మెట్టు.

ఇతి శమ్.